కొడుకు పేరిట ఒక గుహ

నిరుడు సంక్రాంతి పోయిన పదిహేను రోజులకు మా తాత చనిపోయాడు. భివండీలో నలభై ఏండ్లు సాంచాల మీద పనిచేసిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు మందమైపోయాయి. ఆయనకు ఏదన్నా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాలి. మా ఇంట్లో ఆ పని నాది. పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. నా చరిత్ర పుస్తకం కూడా అట్లనే వినేవాడు. శాతవాహనుల పాఠం చదివిన రోజున, "అండ్ల కోటిలింగాల పేరున్నదా బిడ్డా?" అని అడిగాడు. లేదు తాతా అన్నాను. "గది లేకపోతె ఇంకేం రాసిండ్రు?" అని నవ్వాడు.

తాత పుట్టిన పల్లె కోటిలింగాలకు దగ్గరే. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదారి ఒడ్డున ఉంటుంది. అక్కడ శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశానికి మొదటివాడని చెప్పే శిముకుని పేరున్న నాణేలు కూడా అక్కడ దొరికాయి. చిన్నప్పుడు వానలు పడ్డాక ఆ దిబ్బల మీద పిల్లలు పెంకులు, పూసలు ఏరుకునేవాళ్ళట. చరిత్ర అంటే తాతకు అదే.

ఈ వ్యాసం నాసిక్ గుహల్లో ఉన్న ఒక శాసనం గురించి రాస్తున్నాను. తాత గురించి చెప్పకుండా ఆ శాసనం గురించి చెప్పడం నాకు రాలేదు. రెండుసార్లు రాసి చింపేశాను. మూడోసారి మా టీచర్, "ఎలా వస్తే అలాగే రాయి" అన్నారు.

తాత అస్థికలు ధర్మపురి గోదారిలో కలపాలని నాయనమ్మ కోరిక. మా బాపుకు సేఠ్ రెండు రోజులే సుట్టీ ఇచ్చాడు. ధర్మపురి పోయి రావడానికి రెండు రోజులు చాలవు. అందుకని నాసిక్‌లో రామకుండ్ దగ్గర కలుపుదామన్నాడు బాపు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "గది మన గోదారి కాదురా" అన్నది. "అదే గోదారి అవ్వా. గీ త్రయంబకం కాడ పుట్టి, గట్లనే పైఠణ్ మీదికెల్లి, మన ధర్మపురికి పోతది. మనం ఈడ ఇడిస్తె బాపు తనంతట తనే ఊరికి పోతడు" అన్నాడు బాపు. నాయనమ్మ ఇంకేం మాట్లాడలేదు. పొద్దున్నే జీపు కట్టుకొని పోయాం.

అస్థికలు కలిపి తిరిగి వస్తున్నప్పుడు ఊరు దాటగానే, రోడ్డు పక్కన గుండ్రటి కొండ దగ్గర డ్రైవరు చాయ్ కోసం జీపు ఆపాడు. కొండ నడుము మీద అడ్డంగా గీత గీసినట్టు గుహలు కనిపించాయి. పాండవ్‌లేణి అని చూడగానే గుర్తుపట్టాను, మా పుస్తకంలో బొమ్మ ఉంది. పైకి పోయి చూస్తానంటే నాయనమ్మ వద్దన్నది. "మైలల ఉన్నం, గుళ్ళకు పోవద్దు" అన్నది. డ్రైవరు మరాఠీ మనిషి, "ఇది గుడి కాదు ఆజీ, లేణి. ఇక్కడ సాధువులు ఉండేవాళ్ళు అంతే" అన్నాడు. నాయనమ్మ కింద చెట్టు నీడకు కూర్చుంది. బాపు, నేను మెట్లెక్కాం.

పేరుకు పాండవ్‌లేణి గాని పాండవులకూ దీనికీ ఏ సంబంధం లేదు. ఇవి బౌద్ధ భిక్షువులు వానాకాలం ఉండటానికి తొలిచిన గుహలు, మొత్తం 24. శాసనాల్లో ఈ కొండ పేరు తిరణ్హు, సంస్కృతంలో త్రిరశ్మి. మూడో నంబరు గుహ ముందు ఆరుగురు యక్షులు గుహ బరువంతా భుజాల మీద మోస్తున్నట్టు చెక్కారు. మా గల్లీలో హమాలీలు నూలు బీములు మోసేటప్పుడు మెడలు సరిగ్గా అట్లనే వంగుతాయి. లోపల పెద్ద హాలు, మూడు దిక్కులా 18 చిన్న గదులు, ఒక్కో గదిలో పడుకోవడానికి రాతి అరుగు. ఎదురు గోడ మీద స్తూపం చెక్కి ఉంది. దానికి అటూ ఇటూ మొక్కుతున్న ఆడవాళ్ళ బొమ్మలు. బాపు కాసేపు ఆ స్తూపాన్నే చూస్తూ నిలబడ్డాడు. "గిదేంది?" అని అడిగాడు. బుద్ధుడి ఎముకలు పెట్టి కట్టేది స్తూపం అని చెప్పాను. బాపు తన చేతుల వంక చూసుకున్నాడు. పొద్దున ఆ చేతులతోనే ఎముకలు నీళ్ళలో వదిలాడు.

వరండా గోడల మీద బారులు బారులుగా బ్రాహ్మీ అక్షరాలున్నాయి. ఆ రోజు నాకు ఒక్క అక్షరం చదవరాలేదు. తిరిగి బడికి పోయాక మా చరిత్ర టీచర్‌ని అడిగితే ఆ గోడ మీద ఏముందో వారం రోజుల పాటు కొంచెం కొంచెంగా చెప్పారు. ఫ్రెంచ్ పండితుడు ఎమిల్ సెనార్ ఈ శాసనాలన్నిటినీ చదివి, 1905-06లో ఎపిగ్రాఫియా ఇండికా ఎనిమిదో సంపుటంలో అచ్చు వేయించారట. అందులో ఉన్న సంగతులే ఇక్కడ నా మాటల్లో చెప్తున్నాను.

ఆ గోడల మీద ఒకే తల్లి రెండుసార్లు కనిపిస్తుంది.

మొదటిది గౌతమీపుత్ర శాతకర్ణి రాజ్యానికి వచ్చిన 24వ ఏటి ఉత్తరువు. గోవర్ధనంలో ఉన్న సామకుడు అనే అధికారికి రాసింది. కొండ మీది భిక్షువులకు ఇంతకుముందు కఖడి అనే ఊళ్ళో పొలం ఇచ్చాం, ఆ ఊళ్ళో ఇప్పుడు జనం లేరు, పొలం దున్నేవాళ్ళు లేరు, కాబట్టి మా సొంత భూమిలోంచి వంద నివర్తనాలు ఇవ్వండి అని అందులో ఉంది. చూస్తే మామూలు ఆఫీసు కాగితం లాంటిదే. ఆ ఉత్తరువు రాజు ఒక్కడే ఇవ్వలేదు. రాజూ, రాజమాతా కలిసి ఇచ్చారు. ఆ రాజమాతను 'జీవసుత' అన్నారు. అంటే కొడుకు బతికి ఉన్న తల్లి అని అర్థం.

రెండోది వరండా వెనక గోడ మీద ఉన్న పెద్ద శాసనం. అప్పటికి రాజు మారిపోయాడు. గౌతమీపుత్రుడి కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ రాజ్య సంవత్సరం, ఎండాకాలం రెండో పక్షం, 13వ రోజు. రాయించింది అదే తల్లి గౌతమీ బాలశ్రీ. ఇప్పుడు ఆమె తనను తాను మహారాజు తల్లి, మహారాజు నాయనమ్మ అని చెప్పుకుంది. జీవసుత అనే మాట లేదు.

టీచర్ ఈ రెండూ పక్కపక్కన బోర్డు మీద రాశారు. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తండ్రీ కొడుకులు కొన్నాళ్ళు కలిసి ఏలారని వాదించిన పండితులు కూడా ఉన్నారు గాని, ఈ శాసనం నాటికి గౌతమీపుత్రుడు చనిపోయి చాలా ఏళ్ళయిందనే ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. నాకూ అదే సరి అనిపిస్తుంది. బతికి ఉన్న కొడుకు గురించి ఏ తల్లీ అట్లా రాయదు. ఊళ్ళో ఎవరన్నా పోయినప్పుడు ఆడవాళ్ళు ఏడుస్తూ చెప్పే వరుస ఆ శాసనంలో ఉంది. గొప్పలూ, చిన్న చిన్న గుర్తులూ అన్నీ కలిసి వస్తాయి.

గొప్పలు పుస్తకాల్లో ఉన్నవే. హిమవంతం, మేరువు, మందర పర్వతాలంత సారం ఉన్నవాడట. అసికం, అస్మకం, ములకం, సురాష్ట్రం, కుకురం, అపరాంతం, అనూపం, విదర్భ, ఆకరావంతి అన్నీ అతని కిందివే. మన భివండీ అపరాంతంలోకే వస్తుంది. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయి. శక, యవన, పహ్లవులను ఓడించాడు. క్షహరాత వంశాన్ని వేళ్ళతో పెకిలించి శాతవాహనుల పేరు మళ్ళీ నిలబెట్టాడు. ఇందులో ఉట్టి పొగడ్తే లేదని నాసిక్ జిల్లాలోని జోగల్‌తెంబిలో దొరికిన నాణేలు చూపిస్తాయి. 1906లో అక్కడ 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో చాలావాటి మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్ళీ కొట్టించాడు.

పరీక్షలో మనం రాసేది ఇంతవరకే. శాసనంలో ఇంకా ఉంది. కొడుకు ముఖం పొద్దు పొడిచేటప్పుడు విచ్చిన తామరలా ఉండేదని తల్లి రాయించింది. నడక ఏనుగు నడకలా, చేతులు సర్పరాజు ఒంటిలా కండ తిరిగి, గుండ్రంగా, పొడుగ్గా ఉండేవట. భయపడకండని జనానికి మాట ఇస్తూ నీళ్ళు ధారపోసీ ధారపోసీ ఆ చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉండేదట. జనం సుఖం తన సుఖం, జనం దుఃఖం తన దుఃఖం అనుకున్నాడట. ధర్మం ప్రకారం వచ్చే పన్ను తప్ప తీసుకోలేదట. తప్పు చేసిన శత్రువునైనా చంపడం అతనికి ఇష్టం ఉండేది కాదట. మూడు సముద్రాల దాకా యుద్ధాలు చేసినవాడి గురించి ఇట్లా అనడం ఏమిటని నేను టీచర్‌ని అడిగాను. "తల్లి రాయించింది కదమ్మా" అన్నారు.

ఇన్ని బిరుదుల మధ్యలో, తల్లికి ఏ లోటూ రాకుండా సేవ చేసినవాడు అని ఒక మాట ఉంది. మూడు సముద్రాల మాట రాజ్యం కోసం రాయించి ఉండవచ్చు. ఈ మాట మాత్రం ఆమె తన కోసమే రాయించుకుందని నాకు అనిపిస్తుంది.

గౌతమీపుత్రుడి 24వ ఏటి తర్వాత అతని పేరుతో ఉత్తరువు ఇక్కడ మళ్ళీ కనబడదు. ఆ తర్వాత కొద్దికాలానికే చనిపోయాడనుకుంటే, తల్లి ఈ శాసనం వేయించేసరికి దగ్గర దగ్గర 19 ఏళ్ళు గడిచాయి. అన్నేళ్ళ తర్వాత ముసలావిడ కొండ తొలిపించి, కొడుకు ముఖం ఎట్లా ఉండేదో రాయి మీద చెక్కించింది. (గౌతమి అంటే గోదావరి కదా, నది పేరే ఆమెకు పెట్టారేమో అని నేను అనుకున్నాను. కాదు, అది గోత్రం పేరు అని టీచర్ దిద్దారు.)

నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఇంకొకటి ఉంది. గౌతమీపుత్రుణ్ణి ఈ శాసనమే ఏకబ్రాహ్మణుడు అంటుంది. నాలుగు వర్ణాలూ కలిసిపోకుండా ఆపాడని పొగుడుతుంది. వాళ్ళ ఇంట్లో యజ్ఞాలు జరిగాయి. అయినా కొడుకు గుర్తుగా ఆమె గుడి కట్టించలేదు, విగ్రహం పెట్టించలేదు. భదావనీయ శాఖకు చెందిన బౌద్ధ భిక్షువులు వానకు తడవకుండా పడుకోవడానికి గుహ తొలిపించి ఇచ్చింది. మనవడు పులుమావి ఆ గుహ ఖర్చులకు పిసాజిపదకం అనే ఊరిని ఇచ్చాడు. ఇచ్చి, ఆ దానం వల్ల వచ్చే పుణ్యం మా నాన్నకు చెందాలి అన్నాడు.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు, తెలుసని నాకే తెలియదు. మా పక్కింటి కాకూ వాళ్ళు బౌద్ధులు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నాక కాకూ అత్తగారి తరంలో బౌద్ధం తీసుకున్న కుటుంబం. కాకూ మామగారు పోయినప్పుడు వాళ్ళ గుమ్మం దగ్గర తెల్ల బట్ట మీద 'పుణ్యానుమోదన్' అని మరాఠీలో రాసి కట్టారు. త్రిశరణం, పంచశీల చదివారు. పది మందికి అన్నం పెట్టారు. అప్పుడు నేను చిన్నదాన్ని, భోజనం చేసి వచ్చేశాను. ఇప్పుడు అడిగితే కాకూ చెప్పింది: మనం ఒక మంచి పని చేస్తాం, ఆ పుణ్యం పోయినవాళ్ళ పేరు మీద పంచుతాం, అందరూ దానికి సంతోషపడతారు, అంతే. గోడ మీద దాదాపు 1900 ఏళ్ళ కింద పులుమావి చేయించిందీ, తెల్ల బట్ట మీద కాకూ వాళ్ళు కట్టిందీ ఒకటే మాట.

దీని మీద మా క్లాసులో పెద్ద చర్చ జరిగింది. ఒక అబ్బాయి లేచి, బౌద్ధంలో ఆత్మ లేదంటారు కదా, మరి ఆ పుణ్యం ఎవరికి పోతుంది అని అడిగాడు. మంచి ప్రశ్నే. యవన రాజు మిళిందుడు కూడా నాగసేనుడనే భిక్షువును ఇట్లాంటిదే అడిగాడు: మళ్ళీ పుట్టేవాడు మొదటివాడేనా, వేరేవాడా? నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపం సంగతి అడిగాడు. మొదటి జాములో మంటా, చివరి జాములో మంటా ఒకటేనా? కాదు. వేరా? అదీ కాదు, ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ వచ్చింది. మనిషి కూడా అంతే అన్నాడు. మా క్లాసు అబ్బాయికి ఈ జవాబు నచ్చలేదు. నాకు సగం నచ్చింది.

పాలి గ్రంథాల్లో తిరోకుడ్డ సుత్తం అని చిన్న సూత్రం ఉంది. చనిపోయినవాళ్ళు తమ పాత ఇళ్ళకు తిరిగి వచ్చి గోడల బయట, నాలుగు బాటలు కలిసే చోట, తలుపు పక్కన నిలబడి ఉంటారని అందులో చెప్తారు. వాళ్ళున్న చోట వ్యవసాయం లేదు, పశువులు లేవు, బేరం లేదు. ఇక్కడివాళ్ళు వాళ్ళ పేరు చెప్పి ఇచ్చిందే వాళ్ళకు ఆధారం. ఏడిస్తే అది వాళ్ళకు అందదు, ఇస్తే అందుతుంది అంటుంది ఆ సూత్రం. ఇది విన్నాక ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పాను. "గిండ్ల కొత్తేమున్నది? మనం పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేది గందుకే గదా" అన్నది. నిజమే. మనం ఎప్పటినుంచో చేస్తున్నదే.

బుద్ధుడు చావు గురించి చెప్పాడనగానే అందరూ కిసా గోతమి కథ చెప్తారు. చచ్చిపోయిన బిడ్డను ఎత్తుకొని తిరిగే తల్లిని, ఎవరూ చావని ఇంటినుంచి పిడికెడు ఆవాలు తెమ్మంటాడు. కథ గొప్పదే. కాని తాత పోయిన మొదటి వారంలో ఎవరో చుట్టం వచ్చి మా నాయనమ్మకు ఇట్లాంటి మాటే చెప్పాడు, అందరూ పోయేవాళ్ళమే అని. నాయనమ్మ అటు తిరిగి పడుకుంది. అందరికీ ఉన్న దుఃఖమే అంటే మన దుఃఖం చిన్నదవుతుందా? నాకు మాత్రం ఆనందుడి సంగతులే బాగా పనికొచ్చాయి.

బుద్ధుడు కుశీనగరంలో చివరి పడక మీద ఉన్నప్పుడు ఆనందుడు అక్కడ నిలబడలేక లోపలికి పోయి, తలుపు పట్టుకొని ఏడ్చాడు. నేను నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది, నా మీద అంత దయ చూపిన గురువు వెళ్ళిపోతున్నాడు అని ఏడ్చాడు. బుద్ధుడు ఆనందుడు ఏడని అడిగి పిలిపించాడు. ఇష్టమైనవన్నీ విడిపోయేవేనని నీకు ముందే చెప్పాను కదా అన్నాడు. అక్కడితో వదిలేస్తే అది మా చుట్టం చెప్పినట్టే ఉండేది. బుద్ధుడు ఇంకా చెప్పాడు. నువ్వు ఇన్నేళ్ళు నన్ను ప్రేమతో చూసుకున్నావు, మాటతో, చేతితో, మనసుతో ఏ లోటూ చేయలేదు అని అందరి ముందూ ఆనందుణ్ణి మెచ్చుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు చాలా ఏడుపొచ్చింది. తాతను ఆసుపత్రిలో చేర్చే ముందు రోజు రాత్రి ఆయన నన్ను పేపరు చదవమని పిలిచాడు. తెల్లారి యూనిట్ టెస్ట్ ఉంది, రేపు చదువుతా తాతా అన్నాను. ఆయనకు వినబడలేదనుకుంటా, పేపరు పట్టుకొని కాసేపు అట్లనే కూర్చున్నాడు. నేను లేచి చెవి దగ్గరికి పోయి చెప్పలేదు. నన్ను అందరి ముందు మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు, మెచ్చుకోవాల్సిన పనీ నేను చేయలేదు.

ఇంకో సంగతి సారిపుత్రుడు చనిపోయినప్పటిది. సారిపుత్రుడు బుద్ధుడి పెద్ద శిష్యుడు. జబ్బు పడి, పుట్టిన ఊళ్ళోనే కన్నుమూశాడు. అతని దగ్గర ఉన్న చుందుడు అతని భిక్షాపాత్రనూ చీవరాన్నీ తీసుకొని శ్రావస్తికి వచ్చాడు. ఆ వార్త విని ఆనందుడు, నా ఒంట్లో బలం పోయింది, నాకు దిక్కులు తెలియడం లేదు అన్నాడు. బుద్ధుడు అతన్ని ఒక ప్రశ్న అడిగాడు: సారిపుత్రుడు పోతూ పోతూ తన శీలాన్నీ, సమాధినీ, ప్రజ్ఞనూ నీ దగ్గరనుంచి తీసుకుపోయాడా? లేదు అన్నాడు ఆనందుడు. కొన్నాళ్ళకు మొగ్గల్లానుడు కూడా పోయాక, ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తోంది అని బుద్ధుడే అన్నాడని సంయుత్త నికాయంలో ఉంది. అన్నీ పోయేవేనని నేర్పినవాడికి కూడా మనుషులు లేని చోటు ఖాళీగానే కనబడింది. ఆ మాట దాచకుండా రాసి పెట్టిన భిక్షువుల మీద నాకు గౌరవం కలిగింది.

వాళ్ళిద్దరి అస్థికలని చెప్పేవి 1851లో సాంచిలో మూడో స్తూపం తవ్వినప్పుడు దొరికాయి. తవ్వింది కన్నింగ్‌హామ్, మైసీ అనే ఇంగ్లీషు వాళ్ళు. రెండు పెట్టెలు. ఒకదాని మూత లోపల సిరాతో 'సా' అని, రెండోదాని మూత లోపల 'మ' అని ఒక్కొక్క అక్షరం ఉందట. స్తూపం కట్టేముందు ఎవరో భిక్షువు కలం తీసుకొని, ఏది ఎవరిదో మారిపోకుండా రాసుకున్నాడేమో. అవి ఇంగ్లండుకు పోయి, స్వాతంత్ర్యం వచ్చాక తిరిగి వచ్చి, 1952 నుంచి సాంచిలోనే కొత్త విహారంలో ఉన్నాయి. రామకుండ్‌కు పోయేటప్పుడు మా బాపు కూడా ఇత్తడి చెంబుకు కట్టిన గుడ్డ మీద పెన్నుతో తాత పేరు రాశాడు. శ్మశానంలో ఇంకా వేరేవాళ్ళ చెంబులు ఉన్నాయి మరి.

బౌద్ధులు అన్నీ నశిస్తాయంటూనే ఇన్ని స్తూపాలు ఎందుకు కట్టారు అని చాలామంది అడుగుతారు. మన ముంబై దగ్గరి కాన్హేరిలో పోయిన భిక్షువుల కోసం కట్టిన ఇటుక స్తూపాలు వరసగా ఉన్న చోటు ఒకటి ఉంది. భాజా గుహల దగ్గర 14 రాతి స్తూపాలు ఒకే చోట ఉన్నాయి, కొన్నింటి మీద స్థవిరుల పేర్లున్నాయి. కాన్హేరిలో దొరికిన రాతల్లో పేరుతో పాటు ఆ భిక్షువు సాధనలో ఎంతవరకు చేరుకున్నాడో కూడా రాశారు. ఏ ఊరివాడు, ఎంత ఆస్తి అనేది వాళ్ళకు ముఖ్యం కాదు. కాన్హేరిలోనూ నాసిక్‌లోనూ మామూలు జనం కూడా దానాలు రాయించారు, వర్తకులు, భిక్షుణులు, ఇంటి ఇల్లాళ్ళు. గుహ ఇచ్చే శక్తి లేనివాళ్ళు నీళ్ళ తొట్టి తొలిపించారు. మా అమ్మానాన్నలను ఉద్దేశించి అని రాయించినవాళ్ళు ఉన్నారు. దాదర్‌లో చైత్యభూమి కూడా స్తూపమే. 1956 డిసెంబరు 7న అంబేడ్కర్ గారి అంత్యక్రియలు జరిగిన చోటు అది. ప్రతి డిసెంబరు 6న కాకూ అక్కడికి పోతుంది. గంటలు గంటలు లైనులో నిలబడి, వచ్చేటప్పుడు పుస్తకాలు కొనుక్కొని వస్తుంది. ఏడ్చి రాదు. ఒకసారి నాకు కూడా ఒక నోట్‌బుక్ తెచ్చింది.

ఎండాకాలం వచ్చింది. తాత పనిచేసిన సాంచాల ఖార్ఖానా మా గల్లీ చివర ఉంటుంది. రెండు పాళీల వాళ్ళకూ తాగే నీళ్ళకు ఇబ్బందే. బాలశ్రీ గుహ సంగతి, నీళ్ళ తొట్ల సంగతి నేను నాయనమ్మకు చెప్తూ ఉండేదాన్ని. ఆమె వింటుందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు బాపుతో, "నాకో పెద్ద రంజన్ తెచ్చియ్యిరా" అన్నది. తెచ్చాడు. మా గుమ్మం పక్కన ఇసుక పోసి, దాని మీద రంజన్ పెట్టి, తడి గోనె చుట్టి, గొలుసుతో గ్లాసు కట్టింది. అది తాత చాయ్ తాగే స్టీలు గ్లాసు. మూడు నెలలు ఎవరినీ ముట్టనీయకుండా బియ్యం డబ్బా వెనక దాచిన గ్లాసు.

రంజన్ మీద తాత పేరు రాయమని నాకు చెప్పింది. నేను సున్నం, బ్రష్షు తెచ్చుకొని, పేరు కింద ఇంకేమన్నా రాద్దామా నాయనమ్మా అని అడిగాను. బాలశ్రీ రాయించినట్టు తాత గురించి మంచి మంచి మాటలు రాయాలని నాకు ఉంది. నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది.

"జీతం దినం నాడు సీద ఇంటికచ్చేటోడు అని రాయి" అన్నది.

బాపు నవ్వాడు, నేనూ నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. అదే రాశాను. మరాఠీ వాళ్ళకు చదవరాదని కాకూ కొడుకు దాని పక్కన మరాఠీలో కూడా రాశాడు. సాయంత్రం పాళీ మారినప్పుడు మొదట వచ్చి నీళ్ళు తాగింది తాత జోడి సాంచా నడిపిన ఆయన. ఆయనకు కూడా చెవులు వినబడవు. గ్లాసు చూసి గుర్తుపట్టాడు. నన్ను పిలిచి రంజన్ మీద ఏం రాసి ఉందని సైగ చేశాడు. నేను దగ్గరికి పోయి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చదివాను.

వానలు పడేదాకా రోజూ పొద్దున బడికి పోయేముందు ఆ రంజన్ నేనే నింపాను.